నీలం లేని భయం: తొలినాటి రంగుల హారర్ సినిమాలు

పోయిన సెమిస్టర్‌లో ఒక రాత్రి హాస్టల్ రూమ్‌లో నలుగురం కూర్చుని 1933లో వచ్చిన 'మిస్టరీ ఆఫ్ ద వ్యాక్స్ మ్యూజియం' పెట్టుకున్నాం. అంత పాత హారర్ సినిమా అంటే బ్లాక్ అండ్ వైటే అనుకున్నాం. తీరా చూస్తే రంగులున్నాయి, కానీ మనకి అలవాటైన రంగులు కావు. ముఖాలు నారింజకీ గులాబీకీ మధ్య ఎక్కడో ఉన్నాయి. నీడలు పాచి పట్టిన బావి గోడలా ఆకుపచ్చగా ఉన్నాయి. ఎంత వెతికినా నీలం లేదు. "ఏందిరా ఇది, వీడియో ఖరాబయ్యిందా?" అన్నాడు మా రూమ్మేట్.

నేను సీఎస్ఈ కదా, హీరో అయిపోదామనుకున్నా. దానికి ముందు వారమే ల్యాబ్ కోసం ఒక చిన్న వైట్ బ్యాలెన్స్ ప్రోగ్రామ్ రాశాను. బొమ్మలో ఏ రంగు ఎక్కువగా ఉందో చూసి, దాన్ని తగ్గించి, సగటు బూడిద రంగుకి తెచ్చే ప్రోగ్రామ్ అది. పది నిమిషాల క్లిప్ కట్ చేసి రన్ చేశా. ఆకుపచ్చ నీడలు మామూలు నీడలయ్యాయి. ముఖాలు కాస్త ముఖాల్లా కనిపించాయి. అందరూ "సూపర్ రా" అన్నారు. ఆ పది నిమిషాల్లో ఎవరికీ భయం మాత్రం వేయలేదు.

మర్నాడు అదే క్లిప్‌ని ఏమీ మార్చకుండా ఒక్కడినే చూశాను. హాలు నిండా మైనపు బొమ్మలు, వాటి మధ్య తిరిగే మనుషులు. మనుషుల చర్మం కూడా మైనంలాగే ఉంది. ఎవరు బొమ్మో ఎవరు మనిషో అనే అనుమానం సీన్ మొత్తం వెంటాడుతుంది. నేను బాగుచేసిన వెర్షన్‌లో మనుషులూ, బొమ్మలూ అందరూ ఆరోగ్యంగా ఉన్నారు! సినిమాకి ఏ జబ్బూ లేదు, నేనే అనవసరంగా మందు వేశానని అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత రెండు నెలల పాటు ఖాళీ దొరికినప్పుడల్లా ఈ సినిమాల గురించి చదివాను, చూశాను, కొంచెం కోడ్ కూడా రాశాను. అర్థమైనంతవరకు ఇక్కడ పెడుతున్నా. సినిమాలకి తొంభై ఏళ్ళు దాటాయి కాబట్టి స్పాయిలర్ల గురించి నన్ను తిట్టకండి.

1. రంగు పోతే కథే తప్పవుతుంది

రంగుల కెమెరా ఇంకా సరిగ్గా కుదరని రోజుల్లో కూడా సినిమాల్లో రంగు ఉండేది. మూకీ సినిమాల ప్రింట్లని రంగు నీళ్ళలో ముంచేవాళ్ళు. దీన్ని టింటింగ్ అంటారు. దీంతో తెల్లగా ఉండాల్సిన చోట్లకి రంగు పడుతుంది. టోనింగ్ అని ఇంకో పద్ధతి ఉంది, అందులో ఫిల్మ్ మీది వెండినే రసాయనాలతో మారుస్తారు కాబట్టి నల్లటి చోట్లు రంగు తిరుగుతాయి. సీన్‌ని బట్టి రంగు మార్చేవాళ్ళు. నీలం అంటే రాత్రి, పసుపు నారింజ అంటే దీపం వెలుగు, ఎరుపు అంటే మంటలు. అప్పటి ప్రేక్షకుడికి ఇది నేర్పించక్కర్లేదు, మనకి ట్రాఫిక్ సిగ్నల్ లాగా అలవాటే.

1922లో జర్మనీలో ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ తీసిన 'నోస్ఫెరాటు' చూడండి. బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' నవలని అనుమతి లేకుండా వాడుకుని, పేర్లు మార్చి తీసిన సినిమా. ఇందులో కౌంట్ ఓర్లాక్ అనే రక్తపిశాచి సూర్యకాంతి తగిలితే చచ్చిపోతాడు. కథకి అదే కీలకం. కానీ ఆ రోజుల్లో ఫిల్మ్‌కి వెలుతురు చాలా కావాలి, ఆరుబయట రాత్రి షూటింగ్ చాలా కష్టం. అందుకే రాత్రి సీన్లని పగలే తీసి, ప్రింట్‌ని నీలంలో ముంచారు. నీలంగా ఉంది కాబట్టి అది రాత్రి.

తర్వాతి కాలంలో ఈ సినిమాని బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ మీదికి కాపీ చేసినప్పుడు ఆ రంగులు పోయాయి. చాలా ఏళ్ళు జనం చూసింది ఆ కాపీలనే. వాటిలో ఓర్లాక్ తన శవపేటికని చంకలో పెట్టుకుని పట్టపగలు ఊళ్ళో నడిచి వెళ్తుంటాడు! ఎండకి చచ్చిపోవాల్సినవాడు ఎండలోనే షికారు చేస్తున్నాడు. మన భాషలో చెప్పాలంటే డేటా ఉంది, మెటాడేటా పోయింది. తర్వాత రంగులున్న పాత ప్రింట్ ఆధారంగా రిస్టోర్ చేశాకే కథ మళ్ళీ దారిలో పడింది.

నాకు దొరికిన మొదటి పాఠం ఇది. ఈ సినిమాల్లో రంగు అనేది పైన వేసిన మేకప్ కాదు. కథలో సగం సమాచారం అందులోనే ఉండొచ్చు.

2. రెండు రంగుల కెమెరా

టింటింగ్ అంటే ఫ్రేమ్ మొత్తానికీ ఒకటే రంగు. చెట్టుకి ఒక రంగు, చీరకి ఒక రంగు కావాలంటే కెమెరాయే వాటిని వేరుచేసి పట్టుకోవాలి. ఈ పని మీద కూర్చున్న కంపెనీల్లో ముఖ్యమైనది టెక్నికలర్. 1915లో హెర్బర్ట్ కాల్మస్, డేనియల్ కామ్‌స్టాక్, బర్టన్ వెస్కాట్ మొదలుపెట్టారు. కాల్మస్, కామ్‌స్టాక్ ఇద్దరూ ఎమ్ఐటీలో చదువుకున్నారు. ఆ 'టెక్' అనే ముక్క అక్కడిదే. ఇంజినీరింగ్ స్టూడెంట్స్‌గా మనం గర్వపడొచ్చు.

1920లలో వాళ్ళు వాడిన కెమెరా ఇలా పనిచేసేది. లెన్స్‌లోంచి వచ్చిన వెలుతురు ఒక ప్రిజమ్‌లో రెండుగా చీలుతుంది. ఒక సగం ఎర్ర ఫిల్టర్‌లోంచి, ఇంకో సగం ఆకుపచ్చ ఫిల్టర్‌లోంచి వెళ్తుంది. రెండూ ఒకే క్షణంలో, ఒకే నెగటివ్ మీద పక్కపక్క ఫ్రేముల్లో పడతాయి, అదీ ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా. కాబట్టి ఫిల్మ్ ప్రతిసారీ రెండు ఫ్రేములు ముందుకు జరగాలి. నెగటివ్‌లో రంగే ఉండదు! ఉండేవి రెండు బూడిద రంగు బొమ్మలు. ఎరుపు ఎంత ఉందో ఒకటి చెప్తుంది, ఆకుపచ్చ ఎంత ఉందో ఇంకోటి చెప్తుంది. మనం పైథాన్‌లో ఇమేజ్ ఓపెన్ చేసి ఛానల్స్ విడగొడితే వచ్చేవి కూడా ఇవే.

ల్యాబ్‌లో ఒక ఫ్రేమ్ వదిలి ఒక ఫ్రేమ్ ప్రింట్ చేస్తూ రెండు రికార్డుల్ని వేరుచేస్తారు. డిజిటల్ లాజిక్‌లో డీమల్టిప్లెక్సర్ గుర్తుంది కదా, అదే పని. తర్వాత ఎర్ర ఫిల్టర్ రికార్డుని నీలం కలిసిన ఆకుపచ్చ డైతోనూ, ఆకుపచ్చ ఫిల్టర్ రికార్డుని ఎరుపు నారింజ డైతోనూ ప్రింట్ చేస్తారు. ఇదేంటి రివర్స్‌లో ఉందే అని నాకూ మొదట డౌట్ వచ్చింది. కారణం సింపుల్. ప్రొజెక్టర్‌లో ఉండేది తెల్లటి వెలుతురు. ప్రింట్ చేసే పని అందులోంచి తీసేయడమే. సీన్‌లో ఎరుపు లేని చోట ఎరుపుని మింగేసే డై పెట్టాలి. ఎరుపుని మింగే డై మన కంటికి నీలం ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఇంక్‌జెట్ ప్రింటర్‌లో సయాన్ కాట్రిడ్జ్ ఉండేది కూడా ఇందుకే.

1922లో వచ్చిన పద్ధతిలో ఈ రెండు బొమ్మల్ని రెండు పల్చటి ఫిల్ముల మీద ప్రింట్ చేసి, వీపుకి వీపు అంటించేవాళ్ళు. ప్రొజెక్టర్ వేడికి ఆ జంట ఫిల్మ్ వంకర తిరిగేది, బొమ్మ ఫోకస్ తప్పేది. 1928లో దీన్ని మార్చి, ఒకే ఫిల్మ్ మీద రెండు రంగుల్ని ఒకదాని తర్వాత ఒకటి అద్దడం మొదలుపెట్టారు. పెడన కలంకారీ అద్దకం చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక్కో రంగుకి ఒక్కో చెక్క అచ్చు, ఒక అచ్చు మీద ఇంకో అచ్చు కచ్చితంగా కూర్చోవాలి. ఇక్కడ చెక్క బదులు జెలటిన్ అచ్చు, బట్ట బదులు ఫిల్మ్. మనం మాట్లాడుకోబోయే రెండు సినిమాలూ ఈ పద్ధతిలోవే.

మరి మూడు రంగులు ఎందుకు పెట్టలేదు? వెలుతురుని రెండుగా చీల్చితేనే సెట్ మీద విపరీతంగా లైట్లు పెట్టాల్సి వచ్చేది. మూడుగా చీల్చాలంటే కొత్త కెమెరా కావాలి, కొత్త ప్రింటింగ్ కావాలి. రెండింటితో సరిపెట్టుకోవాలంటే ఏ రెండు ఉంచుకోవాలి? సినిమాలో జనం ఎక్కువగా చూసేది ముఖాలనే. ఎరుపు నారింజ, నీలం ఆకుపచ్చ ఉంటే చర్మం రంగు దాదాపు వస్తుంది. ఆకాశం పోయినా ఫర్లేదు, హీరోయిన్ ముఖం ఉంటే చాలు అనుకున్నారన్నమాట.

3. బతుకమ్మ ఫోటోతో ఒక ప్రయోగం

చదివితే అర్థమైనట్టే ఉంటుంది గానీ చేసి చూస్తేనే తెలుస్తుంది. అమ్మ దసరాకి పంపిన బతుకమ్మ ఫోటో ఫోన్‌లో ఉంది. దాన్ని తీసుకుని ఒకే ఒక్క పని చేశాను. నీలం ఛానల్ తీసేసి, దాని స్థానంలో ఆకుపచ్చ ఛానల్‌ని కాపీ చేశాను. అసలు డైలు ఇంత శుభ్రంగా ఉండవు, అవి ఇంకాస్త నారింజ వైపు వంగుతాయి. అయినా మనం చూడాల్సింది దీంట్లో కనిపిస్తుంది.

తంగేడు పువ్వు పసుపు సుమారు 240, 200, 20 ఉంది. మార్చాక 240, 200, 200. అంటే పాలిపోయిన గులాబీ. పసుపు మాయం! బంతిపూల నారింజ ఎర్ర గులాబీ అయింది. రంగు అద్దిన గునుగు ముదురు గులాబీ నుంచి నికార్సయిన ఎరుపులోకి వచ్చింది. ఆకులు నెమలి మెడలా నీలి ఆకుపచ్చ అయ్యాయి. వెనక ఆకాశం మబ్బు పట్టినట్టు బూడిద ఆకుపచ్చ. అమ్మ ముఖానికి మాత్రం పెద్దగా ఏమీ కాలేదు, కాస్త జ్వరం వచ్చిన మనిషిలా ఉంది అంతే. చెంపలకి పసుపు రాసుకున్న చోట పసుపు పోయి సున్నం పూసినట్టు తయారైంది. పండగ ఫోటో కాస్తా దెయ్యం సినిమా పోస్టర్ అయిపోయింది. అమ్మకి పంపిస్తే "ఆ పాడు ఫోటో తీసెయ్" అంది.

ఇప్పుడు నా వైట్ బ్యాలెన్స్ ప్రోగ్రామ్ దగ్గరికి వద్దాం. ఈ మారిన ఫోటోలోంచి అసలు పసుపుని వెనక్కి తేగలమా? తెల్లగునుగు దాదాపు 240, 225, 220 ఉంది. మార్చాక 240, 225, 225. తంగేడు పసుపు, గునుగు తెలుపు అసలు ఫోటోలో అంత దూరంగా ఉన్నా ఇప్పుడు పక్కపక్కకి వచ్చేశాయి. ఎరుపు, ఆకుపచ్చ విలువలు సమానంగా ఉండి నీలం ఒక్కటే తేడా ఉన్న రెండు రంగులైతే మార్చాక అచ్చంగా ఒకటే అవుతాయి. డిస్క్రీట్ మ్యాథ్స్‌లో చెప్పిన మాటే, ఫంక్షన్ వన్-వన్ కాకపోతే దానికి ఇన్వర్స్ ఉండదు. ఎంత పెద్ద మోడల్ పెట్టినా అది ఊహించగలదు తప్ప వెనక్కి తేలేదు. కెమెరా చూడని దాన్ని మనం బాగుచేయలేం.

దీన్ని బట్టి ఇంకో సంగతి కూడా అర్థమవుతుంది. ఆ రోజుల్లో సెట్ వేసేవాళ్ళకి, మేకప్ వేసేవాళ్ళకి ఈ లెక్క నాకంటే బాగా తెలుసు. వాళ్ళు రోజూ ఆ కెమెరాతోనే బతికారు. నీలం రాదని తెలిసినవాళ్ళు నీలం మీద ఆధారపడే సీన్ ఎందుకు పెట్టుకుంటారు?

4. ఎరుపు రావడం, ఎరుపు దాక్కోవడం

1925 నాటి 'ద ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా'లో ఎక్కువ భాగానికి రంగుల కెమెరా వాడలేదు. మధ్యలో ఒక మాస్క్ పార్టీ వస్తుంది. ఒపెరా హౌస్ పెద్ద మెట్ల మీద వందల మంది వేషాలు వేసుకుని తిరుగుతుంటారు. ఈ సీన్‌ని రెండు రంగుల టెక్నికలర్‌లో తీశారు. లాన్ చేనీ వేసిన ఫాంటమ్ అక్కడికి ఎర్రటి దుస్తుల్లో, పుర్రె ముఖంతో మెట్లు దిగుతూ వస్తాడు. సినిమాలోకి రంగు వచ్చిన సీన్‌లోనే చావు కూడా వచ్చింది. రెండు రంగుల పద్ధతికి బాగా చేతనైన రంగు ఎరుపే. దాన్ని ఎక్కడ ఖర్చుపెట్టాలో వాళ్ళకి తెలుసు. ఆ తర్వాత అతను గుడి గోపురమంత ఎత్తున పైకప్పు మీద, విగ్రహాన్ని పట్టుకుని నిలబడే సీన్‌లో ఆ అంగీని మాత్రమే ఎర్రగా చూపించడానికి ఇంకో పద్ధతి వాడారు. హాండ్‌షీగెల్ పద్ధతి అంటారు, ఫ్రేమ్‌లో కావాల్సిన భాగానికి మాత్రమే అచ్చుతో రంగు అద్దడం.

దీనికి పూర్తిగా ఉల్టా ఇంకో సినిమా ఉంది. 1931లో రూబెన్ మమూలియన్ తీసిన 'డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్'. ఇది బ్లాక్ అండ్ వైట్. ఫ్రెడ్రిక్ మార్చ్‌కి ఉత్తమ నటుడి ఆస్కార్ తెచ్చిపెట్టిన పాత్ర. ఇందులో మంచి డాక్టర్ ముఖం కట్ లేకుండా మన కళ్ళ ముందే మారడం మొదలవుతుంది. ముడతలు, నీడలు చర్మం లోపలి నుంచి పైకి వచ్చినట్టుంటుంది. నేను డిజాల్వ్ అనుకున్నా. కాదు.

కెమెరామన్ కార్ల్ స్ట్రస్ చేసింది ఇది. నటుడి ముఖానికి ముందే ఎర్ర రంగుతో నీడలు గీశారు. లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ ఉన్నంతసేపూ ఆ ఎరుపు, చర్మం ఒకే వెలుగుతో కనిపిస్తాయి కాబట్టి మేకప్ కనిపించదు. మెల్లగా ఫిల్టర్‌ని ఆకుపచ్చ వైపు జరిపితే ఎర్ర గీతలన్నీ నల్లగా బయటికొస్తాయి. స్ట్రస్ ఇదే కిటుకుని 1925 నాటి 'బెన్-హర్'లో కుష్ఠు రోగం నయమయ్యే సీన్‌కి ఉల్టాగా వాడాడు.

ఇది ఎవరైనా ఐదు నిమిషాల్లో చేసి చూడొచ్చు. కుంకుమ బొట్టు పెట్టుకున్న ఎవరిదైనా ఫోటో తీసుకోండి. ఎరుపు ఛానల్ ఒక్కటే బూడిద రంగులో చూడండి. బొట్టు మాయం! ఆకుపచ్చ ఛానల్ చూడండి. నుదుటి మీద నల్లటి చుక్క. ఒకదాని నుంచి ఇంకోదానికి మెల్లగా ఫేడ్ చేస్తే 1931 స్పెషల్ ఎఫెక్ట్ మీ ల్యాప్‌టాప్‌లో వచ్చేస్తుంది. రంగే లేని సినిమాలో రంగుని ఇంత వాడుకున్నారంటే, రెండు రంగులు చేతిలో ఉన్నవాళ్ళు ఏం చేశారో చూద్దాం.

5. డాక్టర్ ఎక్స్: కృత్రిమ మాంసం

1929, 30ల్లో హాలీవుడ్‌లో రంగుల మ్యూజికల్స్ వరదలా వచ్చాయి. జనానికి త్వరగానే మొహం మొత్తింది. పైగా ఆర్థిక మాంద్యం. రంగు సినిమా అంటే ఖర్చు ఎక్కువ కాబట్టి స్టూడియోలు వెనక్కి తగ్గాయి. వార్నర్ బ్రదర్స్‌కి మాత్రం టెక్నికలర్‌తో కాంట్రాక్టు ఇంకా మిగిలి ఉంది. అదే సమయంలో 1931లో యూనివర్సల్ వాళ్ళ 'డ్రాక్యులా', 'ఫ్రాంకెన్‌స్టైన్' బ్లాక్ అండ్ వైట్‌లోనే పెద్ద హిట్లయ్యాయి. వార్నర్ వాళ్ళు ఈ రెండింటినీ కలిపారు. 1932 ఆగస్టులో 'డాక్టర్ ఎక్స్' వచ్చింది.

దర్శకుడు మైకేల్ కర్టిజ్. పదేళ్ళ తర్వాత 'కాసాబ్లాంకా' తీసిన మనిషే. టెక్నికలర్ కెమెరామన్ రే రెన్నహాన్, తర్వాత 'గాన్ విత్ ద విండ్'కి ఆస్కార్ పంచుకున్నవాడు. సెట్లు ఆంటన్ గ్రాట్‌వి. కథలో పౌర్ణమి రాత్రుల్లో హత్యలు జరుగుతుంటాయి. అనుమానం డాక్టర్ జేవియర్ నడిపే పరిశోధన సంస్థ మీదికి వస్తుంది. అక్కడున్న సైంటిస్టుల్లో హంతకుడెవరో కనిపెట్టడానికి ఆయన తన వాళ్ళ మీదే ప్రయోగం పెడతాడు. కామెడీ చేసే రిపోర్టర్ కొంచెం విసిగిస్తాడు, నిజం చెప్పాలి.

కానీ ఆ ల్యాబ్ సీన్లు! కుండలు, గొట్టాలు, మెరుపులు, అన్నీ ఆకుపచ్చ వెలుతురులో. చివర్లో హంతకుడు తాను తయారుచేసిన కృత్రిమ మాంసాన్ని ముద్దలు ముద్దలుగా తన ముఖానికి పూసుకుంటాడు. బంకమన్నులాంటి ఆ పదార్థం చర్మమా కాదా అనే రంగులో ఉంటుంది. మామూలు సినిమాలో రెండు రంగుల పద్ధతికున్న పెద్ద లోపం ఇదే, చర్మం దాదాపు చర్మంలా ఉంటుంది కానీ పూర్తిగా కాదు. ఇక్కడ కథ కూడా దాదాపు చర్మంలాంటి దాని గురించే. లోపం, కథ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

విచిత్రం ఏంటంటే అప్పటికే ఈ టెక్నాలజీ పాతబడింది. అదే ఏడాది జులైలో మూడు రంగుల టెక్నికలర్‌తో డిస్నీ కార్టూన్ 'ఫ్లవర్స్ అండ్ ట్రీస్' వచ్చేసింది. 'డాక్టర్ ఎక్స్' విడుదలయ్యేటప్పటికే దాని కెమెరా అవుట్‌డేటెడ్ అన్నమాట.

6. మైనం ఎవరు, మనిషి ఎవరు

1933 ఫిబ్రవరిలో 'మిస్టరీ ఆఫ్ ద వ్యాక్స్ మ్యూజియం' వచ్చింది. కర్టిజ్, రెన్నహాన్, గ్రాట్ మళ్ళీ కలిశారు. నటులు లయనెల్ ఆట్విల్, ఫే రే కూడా 'డాక్టర్ ఎక్స్'లో ఉన్నవాళ్ళే. పెద్ద స్టూడియోలు రెండు రంగుల టెక్నికలర్‌లో తీసిన చివరి కథా చిత్రాల్లో ఇదొకటి.

కథ 1921 లండన్‌లో మొదలవుతుంది. ఐవన్ ఇగోర్ అనే శిల్పి ప్రాణం పెట్టి చేసిన మైనపు బొమ్మల మ్యూజియంని, ఇన్సూరెన్స్ డబ్బు కోసం అతని భాగస్వామే తగలబెడతాడు. ఆ మంటల సీన్ తప్పకుండా చూడండి. బొమ్మల ముఖాలు కరిగి కారుతుంటాయి, గాజు కళ్ళు జారిపోతుంటాయి. మంటల నారింజ ఈ పద్ధతికి సొంత రంగు. పన్నెండేళ్ళ తర్వాత న్యూయార్క్‌లో ఇగోర్ కొత్త మ్యూజియం తెరుస్తాడు. చేతులు కాలిపోయి బొమ్మలు చేయలేడు. అయినా బొమ్మలు మాత్రం ముందుకంటే సహజంగా వస్తున్నాయి. ఎందుకంటే వాటి లోపల ఉన్నవి మార్చురీ నుంచి మాయమైన శవాలు. చివరికి ఫే రే పాత్ర అతని ముఖం మీద కొడితే ఆ ముఖం పెంకులా పగులుతుంది. అదీ మైనమే.

ఇప్పుడు రంగు గురించి ఆలోచించండి. ఈ కథ మొత్తం ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది, ఇది మైనమా, మనిషా? మూడు రంగులతో తీసి ఉంటే మనిషి బుగ్గల్లో రక్తం కనిపించేది, బొమ్మ పసుపుగా కనిపించేది. తేడా వెంటనే తెలిసిపోయేది. పసుపే లేని రెండు రంగుల్లో ఇద్దరిదీ ఒకటే లేత గులాబీ. బతుకమ్మ ఫోటోలో తంగేడు, గునుగు ఒక్కటైనట్టు ఇక్కడ బతికున్నవాళ్ళు, చచ్చినవాళ్ళు ఒక్కటయ్యారు.

సెట్ మీద జరిగిన సంగతి కూడా దీనికి తోడైంది. టెక్నికలర్‌కి కావాల్సినన్ని లైట్లు పెట్టేసరికి ఆ వేడికి మైనపు బొమ్మలు నిలవలేదు. అందుకని చాలా షాట్లలో నటుల్నే బొమ్మల్లా కదలకుండా నిలబెట్టారు. జాగ్రత్తగా చూస్తే ఒకటి రెండు చోట్ల బొమ్మ కొంచెం కదిలినట్టు దొరికిపోతుంది. అంటే మా రూమ్మేట్స్‌కి వచ్చిన అనుమానం నిజమే, అక్కడ బొమ్మల వేషంలో ఉన్నది మనుషులే!

ఇదే కథని వార్నర్ వాళ్ళు 1953లో 'హౌస్ ఆఫ్ వ్యాక్స్' పేరుతో పూర్తి రంగుల్లో, త్రీడీలో మళ్ళీ తీశారు. విన్సెంట్ ప్రైస్ బాగా చేశాడు. కానీ అందులో బొమ్మలు బొమ్మల్లా, మనుషులు మనుషుల్లా ఉంటారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను చెప్పేది మీకే తెలుస్తుంది.

7. పోయాయనుకున్న ప్రింట్లు

ఈ రెండు సినిమాల రంగు వెర్షన్లు చాలా ఏళ్ళు ఎవరికీ కనబడలేదు. 'డాక్టర్ ఎక్స్'ని విడిగా బ్లాక్ అండ్ వైట్‌లో కూడా తీశారు, కాబట్టి జనానికి తెలిసింది అదే. 'వ్యాక్స్ మ్యూజియం' అయితే పూర్తిగా పోయిందనే అనుకున్నారు. 1960ల చివర్లో స్టూడియో అధిపతి జాక్ వార్నర్ సొంత కలెక్షన్‌లో దాని రంగు ప్రింట్ దొరికింది. 1978లో ఆయన చనిపోయాక 'డాక్టర్ ఎక్స్' రంగు ప్రింట్ కూడా అలాగే బయటపడింది. అంటే మన దగ్గర బ్యాకప్ అనేది లేదు. ఒక మనిషి అల్మారాలో ఒక కాపీ ఉండబట్టి బతికాయి.

లాస్ ఏంజిలెస్‌లోని యూసీఎల్ఏ ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు ఇటీవల ఈ రెండింటినీ రిస్టోర్ చేశారు. 'వ్యాక్స్ మ్యూజియం' 2019లో పూర్తయింది. గీతలు తుడిచారు, తెగిపోయిన ముక్కల్ని ఇంకో కాపీ నుంచి తెచ్చి అతికించారు. కానీ ఆకాశానికి నీలం వేయలేదు. ఆకుపచ్చ నీడల్ని ఆకుపచ్చగానే ఉంచారు. 1933లో హాల్లో కూర్చున్నవాడికి ఏం కనిపించిందో దాని దగ్గరికి వెళ్ళడమే వాళ్ళ పని.

మన దగ్గర 1957 'మాయాబజార్'ని 2010లో రంగుల్లో విడుదల చేశారు కదా, ఇది అలాంటిది కాదు. అక్కడ కెమెరా రంగుని రికార్డు చేయలేదు కాబట్టి ప్రతి చీర రంగూ ఎవరో ఒకరు నిర్ణయించాల్సిందే. అది కొత్తగా చేర్చడం. ఇక్కడ రికార్డయిన రంగు ఉంది, తక్కువగా ఉంది. ఆ తక్కువని లెక్కపెట్టుకునే సినిమా తీశారు. నా ప్రోగ్రామ్ చేసిన తప్పు అక్కడే. సగటు బూడిద రంగులో ఉండాలి అనే రూల్ దానికి నేను ఇచ్చాను. ఆ సినిమా తీసినవాళ్ళు ఆ రూల్ ఒప్పుకోలేదు.

8. మూడో రంగు వచ్చాక

1940లో 'డాక్టర్ సైక్లాప్స్', 1943లో కొత్త 'ఫాంటమ్ ఆఫ్ ది ఒపెరా' మూడు రంగుల టెక్నికలర్‌లో వచ్చాయి. 1957లో ఇంగ్లండ్‌లో హ్యామర్ కంపెనీ 'ద కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్', మరుసటి ఏడాది 'డ్రాక్యులా' తీసింది. దర్శకుడు టెరెన్స్ ఫిషర్, కెమెరా జాక్ ఆషర్. వాళ్ళ దగ్గర అన్ని రంగులూ ఉన్నాయి. అయినా అన్నీ ఒకేసారి వాడలేదు. గదులన్నీ ముదురు రంగుల్లో పెట్టి, రక్తాన్ని మాత్రం కళ్ళు చెదిరే ఎరుపులో చూపించారు. రంగులు తక్కువగా ఉన్నప్పుడు నేర్చుకున్న పొదుపు, ఎక్కువైనప్పుడూ పనికొచ్చింది.

ఓపిక ఉంటే మీరూ చేసి చూడండి. ఒక పండగ ఫోటోలో నీలం ఛానల్ మీద ఆకుపచ్చని కాపీ చేయండి. ఒక బొట్టు ఫోటోని ఎరుపు నుంచి ఆకుపచ్చకి ఫేడ్ చేయండి. తర్వాత 'వ్యాక్స్ మ్యూజియం' రిస్టోర్ చేసిన వెర్షన్‌ని లైట్లు ఆర్పి, ప్లేయర్‌లో కలర్ సెట్టింగ్స్ ముట్టుకోకుండా చూడండి.

పరీక్షలయ్యాక మేం నలుగురం మళ్ళీ అలాగే చూశాం. మార్చురీ సీన్‌లో గుడ్డ కప్పిన శవం ఉన్నట్టుండి లేచి కూర్చుంటుంది. "ఆ కలర్ మార్చకు రా, అట్లనే ఉండనీ" అన్నాడు రూమ్మేట్, దిండు అడ్డం పెట్టుకుని.